కృష్ణదేవరాయల సమాధి దొరికిందా? రోజు దొరికింది, చోటు దొరకలేదు

అనంతపురం నుంచి హంపీ చూసి వచ్చినవాళ్ళు ఈ మాట తరచూ అడుగుతుంటారు. ఆనెగొంది దగ్గర తుంగభద్ర మధ్యలో ఉన్న 64 స్తంభాల మండపమే రాయల సమాధి అని అక్కడి గైడు చెప్తాడు. కాదు, పెనుకొండలో ఉందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. 2023లో తుమకూరు జిల్లాలో రాయల మరణ శాసనం దొరికిందని పేపర్లో చదివిన గుర్తు. మరి సమాధి దొరికినట్టా, కానట్టా?

దొరకలేదు. ఆయన పోయిన రోజు మాత్రం తేలింది, అదీ రాతి మీదే. ఏ చోట దహనం చేశారు, ఆ చోట ఏమైనా కట్టారా అన్నదానికి ఇవాళ్టికి ఆధారం స్థానికుల నమ్మకమే. నమ్మకం అబద్ధమని నేను అనడం లేదు. దాన్ని ఎంతవరకు తూచవచ్చో, ఎక్కడ తూకం పనిచేయదో చెప్పడానికే ఈ జవాబు కాస్త పొడుగైంది.

చిక్కు ముందు మాటలోనే ఉంది. సమాధి అనే ఒక్క మాటను మనం నాలుగైదు వేరు వేరు వాటికి వాడేస్తాం. సన్యాసి పోతే దహనం ఉండదు. సన్యాసం పుచ్చుకునేటప్పుడే ఆయన తన కర్మ తాను చేసుకున్నట్టు లెక్క, కాబట్టి కూర్చోబెట్టి పూడుస్తారు. మాధ్వులైతే పైన బృందావనం కడతారు. లింగాయతులు కూడా పూడుస్తారు, పెద్ద గురువైతే గద్దె కడతారు. ముస్లింలది గోరీ. వీటన్నిట్లో కింద మనిషి ఉంటాడు. రాజులకు, వీరులకు కట్టే గుర్తు మండపాలూ నిలబెట్టే రాళ్ళూ వేరు. వాటి కింద మనిషి ఉండాలనే నియమం లేదు, చాలాచోట్ల ఉండడు కూడా. యుద్ధంలో పోయినవాడి గుర్తుగా నిలబెట్టే రాయి వీరగల్లు, దాని దగ్గర తవ్వితే వీరుడు దొరకడు.

రాయలది తుళువ వంశం. ఆ వంశపు రాజులు ఏ పద్ధతి వాళ్ళు? విజయనగరాన్ని చూసిన పోర్చుగీసువాళ్ళ రాతలు ఇక్కడ బాగా పనికొస్తాయి. బార్బోసా రాయల కాలంలోనే రాశాడు. గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసింది రాయలు పోయిన కొన్నేళ్ళకు, 1530ల్లో. రాజు చనిపోతే పెద్ద చితి పేర్చి దహనం చేస్తారనీ, నాలుగైదు వందల మంది స్త్రీలు ఆ మంటల్లోకి పోతారనీ బార్బోసా అంటాడు. ఆ అంకెను యథాతథంగా నమ్మక్కర్లేదు. పరాయి దేశపువాడు విన్న మాట, నోరు మారినప్పుడల్లా సున్నాలు చేరతాయి. దహనం అన్న సంగతిలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. నూనిజ్ ఇంకో మాట కూడా రాశాడు: ఒక తెగ వాళ్ళు భర్త శవంతో పాటు భార్యను సజీవంగా పూడుస్తారని. ఆ తెగకు అతను పెట్టిన పేరు తెలుగు అన్న మాటలాగే వినిపిస్తుంది. దీన్ని పట్టుకుని ‘తెలుగు రాజు కాబట్టి పూడ్చే ఉంటారు’ అని వాదించేవాళ్ళున్నారు. నూనిజ్ చెప్తున్నది లింగాయతుల గురించని చరిత్రకారులు చాలాకాలం కిందటే తేల్చారు. రాయలు వైష్ణవుడు. 1513 నుంచి 1521 లోపల తిరుమలకు ఏడుసార్లు వెళ్ళాడు. ఆయన్ను పూడ్చారనడానికి ఏ ఆధారమూ లేదు.

దహనం చేస్తే చివరికి మిగిలేది ఎంత? పెద్దమనిషి శరీరం పూర్తిగా కాలితే బూడిద, ఎముకల ముక్కలు అన్నీ కలిపి రెండు మూడు కిలోలు. మూడోనాడు అస్థి సంచయనం చేస్తారు, అందులో ఏరగలిగినంత ఏరి నదిలో కలుపుతారు. చితి పేర్చిన చోట మిగిలేది బొగ్గు, కాలిన మట్టి, చేతికి అందని చిన్న పలుకులు. నది ఒడ్డున అయితే మొదటి వరదకే అవి పోతాయి. తుంగభద్ర వరద ఎలా ఉంటుందో తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్ళు తాగే మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాబట్టి ‘రాయల సమాధి’ అనేది ఎప్పుడైనా దొరికితే, అది శరీరం ఉన్న గుంటగా దొరకదు. ఆయన పేరు మీద కట్టిన ఒక గుర్తుగా దొరకాలి.

అలాంటి గుర్తు కట్టడం మన దక్షిణాదికి కొత్త కాదు. చోళులు చనిపోయిన రాజు పేరు మీద శివాలయమే కట్టేవాళ్ళు. తమిళంలో దాన్ని పళ్ళిప్పడై అంటారు. మనకు దగ్గర్లోనే ఒకటుంది. శ్రీకాళహస్తి పక్కన తొండమనాడులో మొదటి ఆదిత్య చోళుడు చనిపోయాడు, అక్కడ ఆయన కొడుకు మొదటి పరాంతకుడు ఆదిత్యేశ్వరాలయం కట్టించాడు. దాన్ని ఇంత నమ్మకంగా చెప్పగలగడానికి కారణం గుడి రూపం కాదు. ఎవరికోసం ఎవరు కట్టారో అక్కడి శాసనమే చెప్తోంది. శాసనం లేకపోతే అది మరో చోళుల శివాలయం, అంతే. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, ఆనెగొందికి వెళ్ళాక అవసరం వస్తుంది.

ఇక ఆ 64 స్తంభాల మండపం సంగతి. కొప్పళ జిల్లా గంగావతి తాలూకాలో, ఆనెగొంది దగ్గర, నది మధ్య బండల మీద ఉంటుంది. డ్యాం గేట్లు ఎత్తినప్పుడల్లా మునుగుతుంది, టీవీలో ‘రాయల సమాధి మునిగింది’ అని వార్త వస్తుంది. ఏటా ఒకే వార్త వింటుంటే అది సమాధేనన్న నమ్మకం మనసులో పాతుకుపోతుంది. విన్న మాటను పక్కనబెట్టి మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటిది, అక్కడ పేరుందా? రాయల సమాధి అని ఆ మండపాన్ని పిలిచేది స్థానిక సంప్రదాయం, శాసనం కాదు. తొండమనాడుకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. తిరుమలలో రాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడిన లోహపు విగ్రహాలు చూసే ఉంటారు. అవి ఎవరివో అని ఎవరూ కొట్టుకోరు, ఎందుకంటే పేర్లు విగ్రహాల మీదే చెక్కి ఉన్నాయి. బతికుండగా తన బొమ్మ మీద పేరు చెక్కించుకున్న రాజు, ఊరూరా దానశాసనం వేయించిన రాజ్యం. ఆయన స్మారకం మీద ఒక్క పంక్తీ వేయించకపోవడం అసాధ్యమని కాదు గానీ, జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.

రెండోది, రూపం ఏం చెప్తోంది? చెప్పగలిగింది తక్కువ. స్తంభాల మండపాన్ని స్నానానికీ, ఉత్సవమూర్తిని దించడానికీ, యాత్రికుల విడిదికీ కూడా కట్టేవాళ్ళు. నది దగ్గర ఉండటం అన్ని వాదాలకూ సరిపోతుంది: దహనం నది ఒడ్డునే చేస్తారు, స్నానమూ నది దగ్గరే, తెప్పోత్సవమూ నదిలోనే. అన్ని వాదాలకూ సరిపోయే ఆధారం దేన్నీ నిరూపించదు. ఇక 64 అన్న అంకెకు కళలనీ, యోగినులనీ అర్థాలు చెప్పేవాళ్ళున్నారు. ఎనిమిది వరసల్లో ఎనిమిదేసి స్తంభాలు నిలబెడితే 64 వస్తాయి. శిల్పికి అంతకు మించి కారణం అక్కర్లేదు.

మూడోది, ఈ నమ్మకం పుట్టడానికి వేరే కారణం ఏమైనా ఉందా? ఉంది, పక్కనే ఉంది. నవబృందావనం. పద్మనాభతీర్థులతో మొదలుపెట్టి తొమ్మిది మంది మాధ్వ యతుల బృందావనాలు ఆ నది నడుమ దిబ్బ మీద ఉన్నాయి. అందులో వ్యాసరాయలది ఒకటి. ఆయన కాలం చేసింది 1539లో, కృష్ణదేవరాయలు పోయిన పదేళ్ళకు. రాయలు గురువుగా భావించిన మనిషి అక్కడ ఉన్నాడు, అవి నిజంగానే సమాధులు, పక్కనే పెద్ద మండపం. గురువు ఇక్కడుంటే శిష్యుడూ ఇక్కడే ఉండాలి కదా అని జనం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా పేర్లు చూడండి: వ్యాసరాయలు, కృష్ణరాయలు. పడవ నడిపేవాడు ‘రాయల సమాధి’ అని చూపిస్తే వినేవాడికి ఏ రాయలు అర్థమవుతాడు? పేరు ఒకరి నుంచి ఇంకొకరికి జారిందని నిరూపించలేను. నాకు మాత్రం అన్నిటికంటే సహజంగా తోచే వివరణ అదే.

ఇప్పుడు 2023 శాసనం. తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో, గోపాలకృష్ణస్వామి గుడి దగ్గరి రాతి పలక మీద కన్నడ శాసనం. మన మడకశిర దాటితే తుమకూరు జిల్లానే, పరాయి చోటేం కాదు. భారత పురావస్తు సర్వే శాసన విభాగం దాన్ని చదివి ప్రకటించింది. తుమకూరు వీరప్రసన్న హనుమంతుడి పూజకు హొన్నేనహళ్ళి గ్రామాన్ని దానమిచ్చారన్నది అసలు విషయం. ఆ సందర్భంలో కృష్ణదేవరాయలు చనిపోయిన రోజు చెప్పింది: శక 1451, విరోధి సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ పూర్ణిమ, చంద్రగ్రహణం. అంటే 1529 అక్టోబరు 17, ఆదివారం. రాజు మరణాన్ని ఇలా రాతి మీద చెక్కడం చాలా అరుదు. అందుకే ఆ పలకకు అంత విలువ. కానీ అందులో చోటు లేదు. ఎక్కడ పోయాడో, ఎక్కడ దహనం చేశారో, ఏం కట్టారో ఒక్క ముక్క లేదు. ‘సమాధి శాసనం దొరికింది’ అని వాట్సాప్‌లో తిరిగింది తప్పు. అది దాన శాసనం.

ఆ తేదీని మీరే సరిచూసుకోవచ్చు. పద్ధతి తెలిస్తే మీ ఊరి గుళ్ళో ఉన్న శాసనానికీ పనికొస్తుంది. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషం, ప్రభవ నుంచి లెక్కపెట్టిన సంవత్సరం పేరు. 1451కి 12 కలిపితే 1463. అరవైలు ఇరవై నాలుగు పోగా మిగిలింది 23. ప్రభవ, విభవ, శుక్ల అని లెక్కపెడుతూ పోతే ఇరవై మూడోది విరోధి. సరిపోయింది. ఈ లెక్క ఈ కాలపు పంచాంగాలకీ పనిచేస్తుంది: 2025 ఉగాదితో మొదలైన శక 1947కి 12 కలిపితే 1959, శేషం 39, ముప్పై తొమ్మిదోది విశ్వావసు. శేషం సున్నా వస్తే అది అరవైయోది, అక్షయ. తర్వాత గ్రహణం: చంద్రగ్రహణం పూర్ణిమ నాడే పడుతుంది, శాసనంలో తిథి పూర్ణిమ. అదీ పొసిగింది.

వారం దగ్గర జనం బోల్తా పడతారు. 1529 అక్టోబరు 17 ఏ వారమో కంప్యూటర్లో చూస్తే కొన్ని గురువారం అంటాయి, దాంతో ‘శాసనం దొంగది’ అని మొదలుపెడతారు. 1582కి ముందు ఐరోపాలో నడిచింది పాత జూలియన్ క్యాలెండరు. చరిత్ర పుస్తకాల్లో ఆ కాలపు తేదీలన్నీ దాని ప్రకారమే రాస్తారు. ఇప్పటి క్యాలెండరును వెనక్కి పొడిగించి చూస్తే ఆ శతాబ్దంలో పది రోజులు తేడా వస్తుంది. జూలియన్ ప్రకారం ఆ రోజు ఆదివారమే. తిథి, వారం, సంవత్సరం పేరు, గ్రహణం నాలుగూ కుదిరిన శాసనాన్ని తీసిపారేయడం కష్టం.

అన్ని శాసనాలూ ఇంత బుద్ధిగా ఉండవు. రాయల పట్టాభిషేకాన్ని చెప్పే హంపీ విరూపాక్షాలయ శాసనమే చూడండి. అందులో శక 1430, శుక్ల సంవత్సరం, మాఘ శుద్ధ చతుర్దశి అని ఉంది. లెక్క వేస్తే 1430కి శేషం 2, అంటే విభవ. శుక్ల రావాలంటే 1431 కావాలి. గడిచిన సంవత్సరం చెప్పారా, నడుస్తున్న సంవత్సరమా, చెక్కినవాడు పొరబడ్డాడా? దీని మీదే 1509 అని కొందరు, 1510 అని కొందరు. అంత పెద్ద రాజు పట్టాభిషేకానికే ఏడాది తేడా ఉంటే, పేరే లేని మండపం గురించి గైడు రొమ్ము విరుచుకుని చెప్పే మాటకు ఎంత బరువివ్వాలో మీరే చూసుకోండి.

శాసనం చదవడంలో ఇంకో గుంట ఉంది, మన జిల్లాల్లో చాలామంది అందులో పడతారు. ‘కృష్ణదేవ మహారాయలకు పుణ్యముగాను’ అని చాలా శాసనాల్లో ఉంటుంది. ఇవాళ్టి మన చెవికి అది పోయినవాళ్ళ పేరున చేసిన దానంలా వినిపిస్తుంది. కాదు. అధికారి ఒక ఊరినో తోటనో దేవుడికిచ్చి, ఆ పుణ్యం బతికున్న రాజుకు చెందాలని రాయించే మామూలు వాక్యం అది. అది కనబడిన ప్రతిచోటా రాయల స్మారకం అనుకుంటే రాయలసీమంతా సమాధులే అవుతాయి. అలాగే రాతి పైభాగాన సూర్యుడు, చంద్రుడు ఉంటే మరణానికి గుర్తని కొందరంటారు. దాన శాసనం మీద దాని అర్థం ఆచంద్రార్కం, సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లుతుందని. వీరగల్లు మీద కూడా సూర్యచంద్రులుంటారు, కానీ అక్కడ కింద యుద్ధం, నడుమ అప్సరసలు వీరుణ్ణి తీసుకుపోవడం, పైన శివలింగం దగ్గర వీరుడు, ఇలా అంతస్తులుగా బొమ్మలుంటాయి. గాజులతో పైకెత్తిన చెయ్యి ఒక్కటే ఉంటే సతి రాయి. మన పేరంటాల గుళ్ళు కొన్ని అలాంటి రాళ్ళ చుట్టూ పుట్టినవే.

పెనుకొండ మాటకొస్తే, అక్కడ రాయల సమాధి లేదు, అక్కడివాళ్ళూ ఉందనరు. అక్కడ చూపించేది తిమ్మరుసు బందీఖానా, తిమ్మరుసు సమాధి. ‘రాయల కాలం నాటి సమాధి’ అన్నమాట నాలుగు నోళ్ళు మారేసరికి ‘రాయల సమాధి’ అయ్యింది. తిమ్మరుసు కథకు పాత ఆధారం నూనిజే. కొడుకు తిరుమలరాయలికి చిన్నతనంలోనే పట్టం కట్టాడు రాయలు. ఆ పిల్లవాడు కొన్ని నెలలకే పోయాడు. విషం పెట్టారన్న అనుమానం మీద తిమ్మరుసు కళ్ళు తీయించి చెరలో వేశారు, చెరలోనే చనిపోయాడు అంటాడు నూనిజ్. ఆ చెర పెనుకొండ అన్నది మన ప్రాంతపు సంప్రదాయం. పెనుకొండ విజయనగరానికి పెద్ద కోట, 1565 తర్వాత రాజధానే అయింది కాబట్టి ఆ మాట అసంభవం కాదు. తిమ్మరుసు తిరుపతిలో తనువు చాలించాడనే కథ కూడా ఉంది. రెండూ నిజం కాలేవు. ఆ చిన్న మండపాన్ని తిమ్మరుసు సమాధిగా చూడండి, దణ్ణం పెట్టుకోండి, తప్పులేదు. పరీక్షలో గానీ పుస్తకంలో గానీ రాసేటప్పుడు ‘అని స్థానికుల నమ్మకం’ అన్న మూడు మాటలు చేర్చండి.

కట్టడం ఒకచోట, మనిషి ఇంకోచోట అన్నదానికి దూరం పోనక్కర్లేదు, గుత్తికి పోతే చాలు. సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో అవశేషాలు తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. కాబట్టి గుత్తిలో సమాధి ఉంది, మన్రో లేడు. అదంతా కాగితాల మీద ఉంది కాబట్టి మనకు తెలుసు. కాగితాలు లేని మూడు వందల ఏళ్ళ ముందటి కట్టడానికి ఇదే జరిగుంటే? మండపం రాయలదే అయినా కింద ఏమీ ఉండకపోవచ్చు, రాయలు కాలిన చోటు ఇంకెక్కడో ఉండొచ్చు.

‘డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా’ అని కుర్రవాళ్ళు అడుగుతారు. ఇంగ్లండులో మూడో రిచర్డ్ రాజును అలాగే తేల్చారు. 1485లో యుద్ధంలో చచ్చిన ఆ రాజు అస్థిపంజరం 2012లో లెస్టర్ ఊళ్ళో కార్లు నిలిపే చోట దొరికింది. అక్కడ కలిసొచ్చినవి చూడండి. ఆయన్ను పూడ్చారు. ఏ మఠంలో పూడ్చారో రాతలున్నాయి. వంకర వెన్నెముక, తలమీద గాయాలు పాత కథనాలతో కుదిరాయి. తల్లి వైపు నుంచి తెగకుండా వచ్చిన వారసులు దొరికారు. రాయల విషయంలో ఇందులో ఒక్కటీ లేదు. చితి మంటల్లో తెల్లబడేదాకా కాలిన ఎముకలో డీఎన్‌ఏ మిగలదు. ఆనెగొందిలో ఇవాళ ఉన్న రాజకుటుంబం అరవీటి వంశం వాళ్ళది, రాయలది తుళువ వంశం. వంశాలు వేరైనప్పుడు రక్తం పోల్చి తేల్చేదేమీ ఉండదు.

కాలిన ఎముకకూ బొగ్గుకూ కార్బన్ పరీక్ష మాత్రం చేయొచ్చు. ఎముక తెల్లగా, బాగా కాలి ఉంటేనే పనికొస్తుంది, సగం కాలిన నల్ల ముక్క నమ్మదగింది కాదు. బొగ్గుతో ఇంకో తిప్పలుంది. పాత మాను చేవ కాలితే, చితి తేదీ కాకుండా ఆ చెట్టు పెరిగిన తేదీ వస్తుంది. ఇవన్నీ సరిగ్గా కుదిరినా ఆ కాలానికి అసలు ఆటంకం వేరే: పదిహేనో శతాబ్దం చివర నుంచి పదిహేడో శతాబ్దం నడుమ దాకా గాలిలోని కార్బన్ లెక్క ఎగుడుదిగుడుగా ఉంది. పరీక్షలో వయసు 320 ఏళ్ళు, అటూ ఇటూ 30 అని వస్తే అసలు తేదీ సుమారు 1480 నుంచి 1645 లోపల ఎక్కడైనా ఉండొచ్చు. రాయలు, అచ్యుతరాయలు, సదాశివరాయలు అందరూ ఆ సంచిలోనే పడతారు. ఇక భూమిలోకి రాడారు పంపి చూసే పరికరం తడి ఒండ్రులో సరిగ్గా చూడదు, పొడి నేలలో చూసినా ఖాళీ ఉందో లేదో చెప్తుంది, అది ఎవరిదో చెప్పదు.

మరి ఏది దొరికితే ఈ జవాబు మార్చుకోవాలి? మండపం మీదో, దగ్గరి బండ మీదో పేరు చెప్పే శాసనం దొరికితే చాలు. అంతకంటే ఆశ ఉన్నది అచ్యుతరాయల కాలపు దానాల్లో. 1529 నుంచి 1542 వరకు ఆయన రాజ్యం. అన్నకు నిజంగా స్మారకం కట్టి ఉంటే అక్కడ దీపానికి, నైవేద్యానికి ఏదో ఊరి ఆదాయం రాసి ఉండాలి. మనవాళ్ళు కట్టడం మీద రాయడం మర్చిపోతారేమో గానీ, మాన్యం రాయడం మర్చిపోరు. అలాంటి దాన శాసనమో, రాగిరేకో ‘ఫలానా చోట రాయల సమాధి పూజకు’ అని చెప్తే, ఊరూ పొలిమేరలూ పట్టుకుని చోటు వెతకొచ్చు. నాణేలు అంత సాయం చేయవు. రాయల బాలకృష్ణ వరహా పునాదిలో దొరికితే, కట్టడం ఆ నాణెం ముద్రించిన తర్వాతిదని మాత్రమే తెలుస్తుంది. ఆయన పోయాక యాభై ఏళ్ళకు కూడా ఆ వరహా ఒకరి మొలలో ఉండొచ్చు. రెండో ఆశ చదవని రాళ్ళలో ఉంది. హొన్నేనహళ్ళి పలక దాదాపు ఐదు వందల ఏళ్ళు అందరి కళ్ళ ముందే ఉంది.

కాబట్టి మీ ఊళ్ళో రాతి మీద అక్షరాలు కనబడితే ఇలా చేయండి. పసుపు, కుంకుమ, నూనె పేరుకుని ఉంటే మెత్తటి కుంచెతో, నీళ్ళతో మాత్రమే కడగండి. ఇనుప బ్రష్షు, ఆమ్లం, ఇసుక యంత్రం దగ్గరికి రానీయకండి. జీర్ణోద్ధరణ పేరుతో గుళ్ళలో ఇసుక కొట్టించి నున్నగా చేయడం వల్ల పోయిన శాసనాలు దండయాత్రల్లో పోయినవాటికి తీసిపోవు. అక్షరాల మీద సుద్దగానీ పెయింటుగానీ పులమవద్దు. మీరు పులిమిన గీతే అక్షరమైపోతుంది, తప్పు చదువు స్థిరపడుతుంది. ఫోటో తీయడానికి మిట్టమధ్యాహ్నం పనికిరాదు. పొద్దుపొడుపు ఎండలోగానీ, రాత్రి టార్చి రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడేట్టుగానీ తీయండి, గాడిలో నీడ పడితేనే అక్షరం లేస్తుంది. టార్చి ఎడమ, కుడి, పైన, కింద మారుస్తూ నాలుగు ఫోటోలు, ఒకదాంట్లో స్కేలు పెట్టి. ఒక వెలుగులో ‘వ’లా కనబడింది ఇంకో వెలుగులో ‘ప’ అవుతుంది. కాగితం మీద అచ్చు తీయడం అనుభవం ఉన్నవాళ్ళ పని: తడి కాగితాన్ని రాతికి అంటించి కుంచెతో గాళ్ళలోకి దిగేట్టు కొట్టి, సగం ఆరాక సిరా గుడ్డతో అద్దుతారు. తొందరపడి తడి మీదే సిరా వేస్తే మొత్తం నల్లబడి రాయి కూడా మరకవుతుంది. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా అచ్చు తీయకూడదు. హిందూపురం, మడకశిర వైపు కన్నడ శాసనాలు చాలా ఉంటాయి. పదహారో శతాబ్దంలో రెండు లిపులూ బాగా దగ్గర, కాబట్టి అక్షరం తెలిసినట్టే ఉండి మాట తెలియకపోతే కన్నడం వచ్చినవాళ్ళకు చూపించండి. ఫోటోలు రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి గానీ పంపండి. ఊరు, సర్వే నంబరు, రాయి ఏ దిక్కున ఉందో కూడా రాయండి.

తవ్వడం మాత్రం వద్దు. సమాధి అన్న మాట వినగానే మన సీమలో కొందరికి కింద నిధి కనబడుతుంది. 2019 జూలైలో వ్యాసరాయల బృందావనాన్ని నిధి కోసం పగలగొట్టారు. దొరికింది ఏమీ లేదు, భక్తులు రోజుల్లోనే మళ్ళీ కట్టారు. యతి సమాధిలో బంగారం ఎందుకుంటుందని కూడా ఆలోచించని బుద్ధి అది. కేంద్రం రక్షించే కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లలో ఏదైనా కట్టాలన్నా, మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాలి. సొంత పొలంలో దున్నుతుంటే దొరికినా, పది రూపాయలు దాటిన విలువైతే కలెక్టరుకు చెప్పాల్సిందేనని 1878 నాటి నిధి చట్టం. విలువ ఇప్పటికీ పది రూపాయలే, ఎవరూ మార్చలేదు.

ఆనెగొంది వెళ్ళాలనుకుంటే గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోసపేట రైలు పట్టండి. జూలై నుంచి వరద తగ్గేదాకా మండపం వైపు వెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు. డ్యాం నుంచి నీళ్ళు వదిలితే పడవలు ఆపేస్తారు, బండల మధ్య నీళ్ళు చూస్తుండగానే పెరుగుతాయి. చలికాలం మంచిది. పొద్దున్నే వెళితే ఎండ వాలుగా పడుతుంది, స్తంభాల మీద ఏమైనా అక్షరం ఉంటే ఆ వెలుగులోనే కనబడుతుంది.